విమాన ప్రయాణము: చేతి సంచిలో ఏమి, అప్పగించు పెట్టెలో ఏమి?

ఒకప్పుడు సంగారెడ్డి ప్రాంతపు గ్రామములలో ప్రయాణమనగా ఎడ్లబండి, పిమ్మట బస్సు, మరియు దూరమైనచో రైలు. విమానము ఆకాశమున పోవుచుండగా తలయెత్తి చూచుటయే గ్రామస్థునకు తెలిసిన విమానయానము. 1945 లో హైదరాబాదు సంస్థానమున డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థ ఏర్పడి, 1953 లో జాతీయమైన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను. అయినను బేగంపేట విమానాశ్రయము చాలకాలము పెద్ద ఉద్యోగులకును, వ్యాపారులకును సంబంధించిన స్థలముగనే ఉండెను. 2008 మార్చిలో శంషాబాదున రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పటాన్‌చెరు ప్రక్కగా పోవుచు ఆ విమానాశ్రయమును మన వాకిటికి చేర్చినది.

నేడు ఈ ప్రాంతమునుండి విమానమెక్కువారు ఎవరు? పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలో పనిచేయుచు, ఇంట ఆపద కలిగెనని ఫోను రాగానే బీహారునకో, ఒడిశాకో పరుగెత్తు కార్మికుడు కలడు. జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతములనుండి దుబాయికి, సౌదీకి కూలికై పోవు యువకుడు కలడు. అమెరికాలో చదువునకు పోవు రైతుబిడ్డ కలదు. హజ్ యాత్రకు పోవు వృద్ధ దంపతులు కలరు. శబరిమలకు పోవు అయ్యప్ప భక్తులు కలరు. వీరిలో పెక్కుమంది మొదటిసారి విమానమెక్కువారే. టిక్కెట్టు విషయమై ఏజెంటు చెప్పును. సామాను విషయమై చెప్పువారు తరచుగా ఎవ్వరును ఉండరు. అట్టి సమయమున గ్రామస్థుడు సర్పంచినో, వార్డు సభ్యునో అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలుగుటకు పంచాయతీ సభ్యులకు ఉపకరించు విషయములను మేము ఇచ్చట వివరింపదలచితిమి.

ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని ఒక సంచి విషయమున చేసిన పొరపాటువలన చేతికి వచ్చిన ఉద్యోగము తప్పిపోవచ్చును. రోగికి మందు అందకపోవచ్చును. పరదేశమున చెరసాల పాలుకావలసి రావచ్చును. కావున దీనిని శ్రద్ధతో గమనింప ప్రార్థన.

రెండు సామానులు, రెండు మార్గములు

విమాన ప్రయాణికుని సామాను రెండు విధములుగా పోవును. ప్రయాణికుడు తనతో లోనికి తీసికొనిపోయి, తలపైనున్న అరలోనో, ముందరి సీటు క్రిందనో ఉంచుకొనునది చేతి సంచి. దీనిని హ్యాండ్ బ్యాగు, క్యాబిన్ బ్యాగు అని వ్యవహరింతురు. కౌంటరు వద్ద విమాన సంస్థకు అప్పగించి, దిగిన ఊర తిరిగి తీసికొనునది అప్పగించు పెట్టె. దీనికి చెక్-ఇన్ లగేజి అని వాడుక.

అప్పగించిన పెట్టె ఏ విధముగా పోవునో తెలిసికొనుట అవసరము. కౌంటరు వద్ద దానిని తూచి, పిడికి ఒక పొడవైన చీటీని అంటింతురు. ఆ చీటీపై పది అంకెల సంఖ్యయు, దిగవలసిన ఊరిని తెలుపు మూడు ఆంగ్లాక్షరములును ఉండును. హైదరాబాదునకు హెచ్.వై.డి. అనియు, దుబాయికి డి.ఎక్స్.బి. అనియు గుర్తులు. అచ్చటినుండి పెట్టె కదిలెడి పట్టాపై లోనికి పోయి, ఎక్స్‌రే యంత్రము క్రింద పరీక్షింపబడి, బండిపై విమానము వద్దకు చేరి, దాని అడుగుభాగపు సరకుగదిలోనికి ఎక్కును. దిగునప్పుడు ఇదే క్రమము తిరుగబడును. చీటీలో చిన్న ముక్కను ప్రయాణికున కిత్తురు. మన పెట్టె మనదే అనుటకు అదియే సాక్ష్యము. దానిని పారవేయరాదు. పెట్టెపై పూర్వ ప్రయాణపు చీటీలున్నచో ముందుగనే చింపివేయవలెను; లేనిచో యంత్రము పాత చీటీని చదివి పెట్టెను వేరొక ఊరికి పంపు ప్రమాదము కలదు.

ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. కౌంటరు వద్ద అప్పగించినది మొదలు దిగిన ఊర చేతికి వచ్చువరకు ఆ పెట్టెను ప్రయాణికుడు ముట్టజాలడు. విమానము ఆరు గంటలు ఆలస్యమైనను, కడుపులో నొప్పి వచ్చి మాత్ర కావలసినను, అధికారి కాగితము చూపుమని అడిగినను పెట్టె చేతికి రాదు. ఈ ఒక్క సంగతి మనస్సున నిలుపుకొన్నచో తక్కిన నియమములు వాటంతట అవియే బోధపడును.

బరువు సంగతి

మన దేశములోని విమానములలో సామాన్య తరగతి ప్రయాణికునకు చేతి సంచి ఒక్కటి, 7 కిలోల వరకు, అప్పగించు పెట్టె 15 కిలోల వరకు అనుమతించుట సాధారణ పద్ధతి. చేతి సంచితో పాటు లాప్‌టాప్ సంచినో, స్త్రీల చిన్న సంచినో అనుమతింతురు. గల్ఫు దేశములకు పోవు టిక్కెట్లలో 20 మొదలు 30 కిలోల వరకు అప్పగించుటకు వీలుండుట కద్దు. అమెరికాకు పోవు చాల టిక్కెట్లలో 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు అనుమతింతురు. చవుక టిక్కెట్లలో ఒక్కటే ఉండవచ్చును. ఏ పెట్టెయైనను ఒక్కటి 32 కిలోలు మించరాదు. దానిని ఎత్తు కూలీల నడుము కాపాడుటకై ప్రపంచమంతట ఈ హద్దును పాటింతురు.

అయితే ఈ అంకెలు టిక్కెట్టును బట్టి మారును. కొన్ని చవుక టిక్కెట్లలో అప్పగించు పెట్టెకు అనుమతియే ఉండదు. కావున ఏజెంటు మాటపై ఆధారపడక, టిక్కెట్టు కాగితముపై వ్రాసియున్న బరువును చదివించుకొనవలెను. హద్దు మించిన ప్రతి కిలోకు కొన్ని వందల రూపాయలు చెల్లింపవలసి వచ్చును. మామిడి తొక్కు కిలో ఖరీదుకంటె దాని కిరాయి అధికమగుట విమానాశ్రయమున నిత్యము జరుగు విషయము.

ఇచ్చట మరియొక సూచన. టిక్కెట్టు లేనివారిని విమానాశ్రయ భవనములోనికి సాధారణముగా పోనీయరు. సాగనంపుటకు వచ్చిన బంధువులు ద్వారము వద్దనే నిలిచిపోవుదురు. వారు వెంటనే తిరిగి రాక, లోన పెట్టె తూచుట ముగిసినదని ఫోను వచ్చువరకు బయట వేచియుండుట మంచిది. అధికమైన సామానును అప్పుడు వారి చేతికి తిరిగి ఈయవచ్చును. బంధువులు వెళ్ళిపోయినచో ప్రయాణికునకు రెండే మార్గములు మిగులును: డబ్బు చెల్లించుట, లేదా తల్లి కట్టియిచ్చిన సకినాలను చెత్తడబ్బాలో వేయుట.

చేతి సంచిలో తప్పక ఉండవలసినవి

ఏది పోయినచో ప్రయాణము నిలిచిపోవునో, ఏది లేనిచో ఆరోగ్యమునకు చేటు కలుగునో, ఏది మరల సంపాదింపజాలమో అది చేతి సంచిలో ఉండవలెను. ఇది మొదటి సూత్రము.

పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగపు ఒప్పంద పత్రము, చదువు సర్టిఫికెట్ల అసలు ప్రతులు, దిగవలసిన చోటి చిరునామాయు ఫోను సంఖ్యయు వ్రాసిన కాగితము, డబ్బు, నగలు, ఫోను, లాప్‌టాప్, కండ్లద్దములు చేతి సంచిలోనివే. వీనితో పాటు ఒక జత బట్టలు కూడ ఉంచుకొన్నచో పెట్టె ఒకటి రెండు దినములు ఆలస్యమైనను ఇబ్బంది ఉండదు.

నారాయణఖేడ్ ప్రాంతమునుండి సౌదీకి పోవు ఒక యువకుని ఊహించుకొందము. అతడు నడుమ ఒక నగరమున విమానము మారవలెను. మొదటి విమానము గంట ఆలస్యమైనది. అతడు పరుగెత్తి రెండవ విమానము నందుకొనెను. అతని పెట్టె అందుకొనలేదు. ఒప్పంద పత్రమును, యజమాని ఫోను సంఖ్యయు ఆ పెట్టెలోనే ఉన్నవి. పరాయి భాష వినబడు చోట, చేత కాగితము లేక నిలబడిన ఆ బాలుని స్థితి ఎట్లుండును? అదే కాగితము చేతి సంచిలో ఉన్నచో, పెట్టె రాకపోవుట వట్టి చికాకు మాత్రమే అయ్యెడిది.

ఇట్టివి ఎంత తరచుగ జరుగును? విమానయాన సాంకేతిక సేవల సంస్థ సిటా ఏటేట ప్రకటించు లెక్కల ప్రకారము, 2007 లో ప్రపంచమున వేయిమంది ప్రయాణికులకు సుమారు 19 పెట్టెలు దారితప్పుటయో, ఆలస్యమగుటయో, దెబ్బతినుటయో జరిగెను. 2024 నాటికి అది సుమారు 6 నకు తగ్గినది. యంత్రములు మెరుగుపడినవి. కాని ఈ పొరపాట్లలో అన్నిటికంటె పెద్ద భాగము నడుమ విమానము మారునప్పుడే జరుగుచున్నది. మన ప్రాంతమునుండి అమెరికాకు పోవువారును, గల్ఫునకు చవుక టిక్కెట్టుపై పోవువారును నడుమ విమానము మారువారే. వేయింట ఆరు స్వల్పసంఖ్యయే. ఆ ఆరుగురిలో మన ఊరివాడుండునో లేదో ముందుగ తెలియదు.

మందుల విషయము మరింత ముఖ్యము. మధుమేహమునకు, రక్తపుపోటునకు, గుండెజబ్బునకు వాడు మందులను అప్పగించు పెట్టెలో పెట్టనేరాదు. ఇన్సులిన్ సరకుగదిలోని చలికి గడ్డకట్టి గుణము కోల్పోవచ్చును. ప్రయాణకాలమునకును, అటుపిమ్మట కొన్ని దినములకును చాలునన్ని మందులు, వైద్యుని చీటీతో సహా, అంగడిలో కొన్న అసలు పెట్టెలలోనే ఉంచి చేతి సంచిలో తీసికొనిపోవలెను. మాత్రలను విప్పి కాగితపు పొట్లములో కట్టుకొని పోవుట తగదు. అవి ఏ మాత్రలో తనిఖీ అధికారికి తెలియదు.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే

ఫోనునకు విద్యుత్తు ఎక్కించు పవర్ బ్యాంకును, విడి లిథియం బ్యాటరీలను అప్పగించు పెట్టెలో పెట్టుట నిషిద్ధము. కారణమేమి? ఈ బ్యాటరీ లోపల దెబ్బతిన్నచో తనంతట తానే వేడెక్కి మండును. మనుష్యుల నడుమ మండినచో సిబ్బంది వెంటనే చూచి ఆర్పగలరు. ఎవ్వరును లేని సరకుగదిలో మండినచో ఆర్పుట బహుకష్టము. 2025 జనవరి 28 న దక్షిణ కొరియాలోని బుసాన్ నగరపు విమానాశ్రయమున, బయలుదేరబోవు విమానములో తలపై అరనుండి మంటలు లేచి విమానము కాలిపోయినది. అందరును ప్రాణములతో బయటపడిరి. అరలోని పవర్ బ్యాంకే కారణమై యుండునని దర్యాప్తులో తేలినది. కావున పవర్ బ్యాంకును పై అరలో కూడ పెట్టక, కంటికి కనబడునట్లు దగ్గరనే ఉంచుకొనుట క్షేమము. 100 వాట్-అవర్ల లోపు శక్తి గలవానిని సాధారణముగా అనుమతింతురు. అది సుమారు 27,000 మిల్లీ ఆంపియర్ అవర్లకు సమానము. ఉబ్బినదానిని, పగిలినదానిని ఇంటనే విడువవలెను.

దీనికి సంబంధించిన ఒక జాగ్రత్త చాలమందికి తెలియదు. విమానము నిండినప్పుడు, పై అరలలో చోటు చాలక, ద్వారము వద్ద సిబ్బంది చేతి సంచిని తీసికొని సరకుగదిలోనికి పంపుదురు. అప్పటికప్పుడు మన చేతి సంచి అప్పగించు పెట్టెగా మారును. అట్టి సమయమున సంచి ఇచ్చివేయుటకు ముందే పవర్ బ్యాంకు, మందులు, పాస్‌పోర్టు, డబ్బు బయటికి తీసికొనవలెను. వీనినన్నిటిని మొదటినుండియు ఒక చిన్న గుడ్డసంచిలో వేసి చేతి సంచి పైభాగమున ఉంచుకొన్నచో, ఆ ఒక్క గుడ్డసంచిని లాగుకొన్న చాలును.

అప్పగించు పెట్టెలోనే పోవలసినవి

పదునైనవి, మొనగలవి, ద్రవములు, తొక్కులు అప్పగించు పెట్టెలో పోవలెను. కత్తి, కొడవలి, కత్తెర, బ్లేడు చేతి సంచిలో ఉన్నచో భద్రతా తనిఖీ వద్ద తీసివేయుదురు, తిరిగి ఈయరు. మన పారిశ్రామిక వాడలోని ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. స్క్రూడ్రైవరు, పాన, సుత్తె, డ్రిల్లు మొదలగు పనిముట్లను గుడ్డలో చుట్టి అప్పగించు పెట్టెలో పెట్టవలెను. ఏండ్లతరబడి చేతికి అలవాటైన పనిముట్టును తనిఖీ బల్లపై విడిచిపోవుట కార్మికునకు చిన్న నష్టము కాదు.

విదేశములకు పోవునప్పుడు చేతి సంచిలోని ద్రవములు ఒక్కొక్క సీసాలో 100 మిల్లీలీటర్లు మించరాదు. ఆ సీసాలన్నియు ఒక లీటరు పట్టు పారదర్శకపు సంచిలో ఇమిడియుండవలెను. 2006 ఆగష్టులో లండనునుండి పోవు విమానములను ద్రవరూపపు ప్రేలుడు పదార్థములతో కూల్చుటకు పన్నిన కుట్ర బయటపడినపిమ్మట ఈ నియమము వచ్చినది. ద్రవమనగా నీరే కాదు. నెయ్యి, నూనె, తొక్కు, పెరుగు, తేనె, కొబ్బరినూనె, షాంపూ, పండ్లపొడి ముద్ద కూడ ఇందు చేరును. సగమే మిగిలిన పెద్ద సీసాను కూడ అనుమతింపరు. లోని ద్రవమును గాక సీసా పరిమాణమునే లెక్కింతురు.

తొక్కును, నెయ్యిని అప్పగించు పెట్టెలో పెట్టునప్పుడు రెండు పొరల ప్లాస్టికు సంచిలో గట్టిగ మూసి, బట్టల నడుమ ఉంచవలెను. కారపుపొడి కూడ అందులోనే పోవలెను. కొన్ని విమాన సంస్థలు, కొన్ని దేశములు నెయ్యికి, తొక్కునకు హద్దులు విధించినవి. ముందుగ విచారించుట మేలు.

రెండింటను పోరానివి

కొన్ని వస్తువులు చేతి సంచిలోను, అప్పగించు పెట్టెలోను పోరాదు. టపాసులు, పెట్రోలు, కిరసనాయిలు, రంగులు, థిన్నరు, ఆమ్లములు, పురుగుమందులు, వంటగ్యాసు సిలిండరు ఇట్టివి. అగ్గిపెట్టెయు, లైటరును కూడ మన విమానాశ్రయములలో తీసివేయుదురు. మందుల కర్మాగారములు, రసాయన పరిశ్రమలు విస్తారముగానున్న మన ప్రాంతమున దీనిని గట్టిగ చెప్పవలసియున్నది. నమూనాయని ఒక చిన్న సీసాలో ద్రావకమును జేబున వేసికొని పోవుట నేరమే కాక, తోటి ప్రయాణికుల ప్రాణములతో చెలగాటము. అట్టివి పంపుటకు ప్రత్యేకమైన సరకు రవాణా పద్ధతులు కలవు.

కర్పూరము, ఎండుకొబ్బరి కూడ ఈ జాబితాలోనివే యనగా ఆశ్చర్యము కలుగవచ్చును. కర్పూరము త్వరగా అంటుకొనును. ఎండుకొబ్బరిలో నూనె అధికముగనుండుటచే అది తనంతట వేడెక్కి మండు స్వభావము కలది. పూజాద్రవ్యములైనను నిప్పునకు భేదము లేదు. టెంకాయను చేతి సంచిలో సాధారణముగా అనుమతింపరు. అయితే శబరిమల యాత్రికుల ఇరుముడిలోని టెంకాయకు 2024 అక్టోబరులో భద్రతాధికారులు ఆ యాత్రాకాలమునకు మాత్రము సడలింపు నిచ్చిరి. ఇట్టి సడలింపు కాలపరిమితికి లోబడినది. కావున మాల ధరించినవారు ప్రతి సంవత్సరము బయలుదేరుటకు ముందు విచారించి తెలిసికొనవలెను.

విత్తనములు, పండ్లు, కరివేపాకు, మాంసపు పదార్థములు అనేక దేశములలోనికి తీసికొనిపోరాదు. పటాన్‌చెరులో 1972 లో స్థాపితమైన ఇక్రిసాట్ పరిశోధనాసంస్థనుండి విదేశములకు పోవు విత్తనములు సైతము చీడపీడల పరీక్ష జరిగి, ధ్రువపత్రముతోనే పోవును. ఒక్క గింజతో పోయిన పురుగు మరియొక దేశపు పంటను నాశనము చేయగలదు. ఈ సంగతి రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇతరుల మూట

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయమునకు వచ్చితిమి. గల్ఫునకు పోవు యువకుని ఇంటికి ముందురాత్రి ఎవరో వత్తురు. "అన్నా, మా తమ్మునికి ఈ చిన్న మూట ఇయ్యరాదే, మందులే ఉన్నయ్" అందురు. మొగమాటముచే కాదనలేక పెట్టెలో వేసికొందురు. లోనేమున్నదో తెలియదు. దిగిన దేశమున తనిఖీ అధికారి ఆ మూటను విప్పును. "అది నాది కాదు" అనిన మాట అచ్చట చెల్లదు. ఎవని పెట్టెలో దొరికెనో వానిదే నేరము.

మూటలో గంజాయియే ఉండనక్కరలేదు. మన వంటింట నిత్యము వాడు గసగసాలు అరబ్ ఎమిరేట్లలో, సౌదీలో నిషిద్ధము. నొప్పికి ఇచ్చు ట్రమడాల్ మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గుమందు అచ్చట నియంత్రిత ఔషధములు; తన జబ్బునకే యైనను వైద్యుని చీటీతో పాటు ఆ దేశపు ముందస్తు అనుమతి కావలెను. ఇచ్చట అంగడిలో దొరకునది అచ్చట చెరసాలకు దారితీయును.

కౌంటరు వద్ద "పెట్టె మీరే సర్దితిరా? ఇతరు లిచ్చిన వస్తువు లున్నవా?" అని అడుగుట వట్టి తంతు కాదు. 1985 జూన్ 23 న ఎయిర్ ఇండియా కనిష్క విమానము ఐర్లండు సమీపమున సముద్రముపై ప్రేలిపోయి 329 మంది మరణించిరి. బాంబు ఉన్న పెట్టెను అప్పగించిన మనుష్యుడు విమానమే ఎక్కలేదు. అటుపిమ్మట పెట్టెయు, దాని స్వంతదారుడును ఒకే విమానమున పోవుచున్నారా యని సరిచూచు పద్ధతి ప్రపంచమంతట గట్టిపడినది.

కావున మొగమాటము వలదు. మూటను తెచ్చినవారి ఎదుటనే విప్పి, ప్రతి వస్తువును చూచి, తెలియనిది తిరిగి ఈయవలెను. మందులైనచో తీసికొనకుండుటయే మేలు. "పంచాయతీవారు వద్దనిరి" అని చెప్పుటకు ఆ యువకునకు ఒక ఆధారము కల్పించుట మన పని. ఒంటరిగా కాదనుట కష్టము. ఊరి కట్టుబాటుగా కాదనుట సులభము.

ఏది ఎన్నుకొనవలెను?

చేతి సంచి మాత్రమే చాలునా, పెట్టె అప్పగింపవలెనా అని అడుగువారికి ఇట్లు చెప్పవచ్చును. రెండు మూడు దినములకై, దేశములోనే, నేరుగ పోవు విమానమున పోవువారికి 7 కిలోల చేతి సంచి చాలును. ఇంట మరణవార్త విని పోవు కార్మికునకు ఇదియే ఉత్తమము. దిగిన వెంటనే, పెట్టెకొరకు పట్టా వద్ద నిలువక, బయటికి పోవచ్చును. నెలలతరబడి ఉండబోవువారు, పనిముట్లు గలవారు, తిండిపదార్థములు తీసికొనిపోవువారు పెట్టె అప్పగింపక తప్పదు. వృద్ధులు బరువైన సంచిని మోయుచు మెట్లెక్కి, పై అరలోనికి ఎత్తుటకంటె, బరువంతయు అప్పగించి, మందుల చిన్నసంచితో పోవుట సుఖము.

పెట్టె అప్పగించునప్పుడు అది ఎంతవరకు పోవునో అడిగి, చీటీపై మూడు అక్షరములను చదివించుకొనవలెను. రెండు వేర్వేరు టిక్కెట్లు కొన్నవారు నడుమ ఊర పెట్టెను తామే తీసికొని మరల అప్పగింపవలసి యుండును. విదేశమునుండి ఢిల్లీలోనో, ముంబయిలోనో దిగి హైదరాబాదు విమానమెక్కువారు సాధారణముగా మొదట దిగినచోటనే పెట్టెను కస్టమ్స్ దాటించి మరల అప్పగింతురు. అమెరికాలోను ఇదియే పద్ధతి. తెలియక పెట్టెను విడిచి ముందునకు పోవువారు కలరు.

పెట్టె రానిచో

పట్టాపై అన్ని పెట్టెలు వచ్చియు మనది రానిచో, విమానాశ్రయము విడిచి బయటికి పోరాదు. అచ్చటనే ఉన్న లగేజి విచారణ బల్ల వద్ద, చీటీముక్కను చూపి, ఫిర్యాదు పత్రమును వ్రాయించుకొని, దాని సంఖ్యను తీసికొనవలెను. పెట్టె రంగు, పరిమాణము, లోని వస్తువులు చెప్పవలసియుండును. బయలుదేరుటకు ముందు ఇంటనే తెరచిన పెట్టెను ఒకటి, మూసిన పెట్టెను ఒకటి ఫోనులో ఫొటో తీసికొన్నచో ఇది సులభమగును.

అంతర్జాతీయ ప్రయాణములకు 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక వర్తించును. భారతదేశము 2009 లో ఇందు చేరినది. దీని ప్రకారము పెట్టె దెబ్బతిన్నచో అందిన 7 దినములలోను, ఆలస్యముగ వచ్చినచో అందిన 21 దినములలోను వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. 21 దినములైనను రానిచో పోయినట్లు భావించి పరిహారము కోరవచ్చును. దావా వేయుటకు రెండు సంవత్సరముల గడువు. 2024 డిసెంబరు 28 నుండి పరిహారపు గరిష్ఠ పరిమితి 1,519 ఎస్.డి.ఆర్.లు. ఇది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కించు విలువ. మారకపు రేటును బట్టి మన రూపాయలలో లక్షన్నరకు మించును. దేశీయ ప్రయాణములలో పరిమితి 20,000 రూపాయలు. ఇవి గరిష్ఠ పరిమితులే కాని తప్పక లభించు మొత్తములు కావు. నష్టమును రుజువు చేయవలెను. నగలు, డబ్బు పెట్టెలో పెట్టితిమనువారికి విమాన సంస్థలు సాధారణముగా బాధ్యత వహింపవు.

పంచాయతీ చేయదగిన పనులు

దీనికై పెద్ద నిధులు అక్కరలేదు. సంచిని కొక్కెమునకు తగిలించి తూచు చిన్న కాటా ఒకటి పంచాయతీ కార్యాలయమున ఉంచవచ్చును. బయలుదేరువారు ముందురోజే తూచుకొందురు. ఊరిలో ఇదివరకు విమానమెక్కి వచ్చినవారిని ఇద్దరు ముగ్గురిని గుర్తించి, కొత్తగ పోవువారికి సలహా చెప్పుమని కోరవచ్చును. గ్రామసభలో పది నిమిషములు ఈ విషయమునకు కేటాయింపవచ్చును. కార్యాలయపు గోడపై ఈ మాటలు వ్రాయించుట ఉపయోగకరము:

1. కాగితములు, మందులు, డబ్బు, నగలు చేతి సంచిలో.
2. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే. పెట్టెలో ఎన్నడును కాదు.
3. కత్తులు, పనిముట్లు, తొక్కు, నెయ్యి అప్పగించు పెట్టెలో.
4. కర్పూరము, ఎండుకొబ్బరి, టపాసులు, రసాయనములు రెండింటను వద్దు.
5. విప్పి చూడని పరుల మూట తీసికొనవద్దు. గల్ఫునకు గసగసాలు వద్దు.
6. టిక్కెట్టుపై బరువు చదువుము; ఇంటనే తూచుము.
7. పెట్టె రానిచో విమానాశ్రయము విడువకముందే ఫిర్యాదు వ్రాయించుము.

విమాన సంస్థల నియమములు అప్పుడప్పుడు మారుచుండును. అంకెలను ప్రతి ప్రయాణమునకు ముందు సరిచూచుకొనవలెను. కాని మూలసూత్రము మారదు: పోగొట్టుకొనరానిది మన చేతిలో, ఇతరులకు హాని చేయగలది సరకుగదిలో, లేదా ఇంటిలో, మనది కానిది ఎచ్చటను వద్దు.

ఊరినుండి ఒక బిడ్డ పరదేశమునకు పోవునప్పుడు తల్లి తొక్కును, సకినాలను కట్టి యిచ్చును. తండ్రి అప్పుచేసి టిక్కెట్టు కొనును. పంచాయతీ సభ్యుడు ఒక గంట కూర్చుండి, ఆ సంచులను రెండింటిని తెరపించి, సరిగ సర్దించి పంపినచో, ఆ కుటుంబమునకు అంతకుమించిన సాయము ఉండదు.